మా తండ్రిగారి యెజ్డి బండి

మనకు పాఠము చెప్పువారు బడిలోని గురువులు మాత్రమే కారు. చిత్తూరులోని మా యింటి పెరటిలో, వేపచెట్టు నీడను, గోనెపట్టా కప్పుకొని నిలిచియున్న యొక పాత మోటారు సైకిలు నాకు ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పుచునే యున్నది. అందు మొదటి పాఠమునకు నేను చెల్లించిన దక్షిణ మిక్కిలి పెద్దది. ఆ కథ మన విద్యార్థులకు కొంత యుపకరించునని తలచి వ్రాయుచున్నాను.

మా తండ్రిగారు చిత్రలేఖనోపాధ్యాయులు. 1982లో వారు కూడబెట్టిన సొమ్ముతో యెజ్డి రోడ్‌కింగ్ బండిని కొనిరి. 1929లో జెకోస్లొవేకియా దేశమున ఫ్రాంటిషెక్ యానెచెక్ అను నాతడు జావా సంస్థను స్థాపించెను. దాని యనుమతితో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారము 1961 నుండి బండ్లను చేయసాగెను. తరువాత వానికే యెజ్డి యను పేరు వచ్చినది. 1996లో ఆ కర్మాగారము మూతపడెను. ఈ బండికి సిలిండరు ఒక్కటియే గాని సైలెన్సర్లు రెండు. గేరు వేయు కడ్డినే పైకి త్రిప్పినచో కిక్కు కొట్టు కడ్డి యగును. క్రొత్తగా చూచువారి కిది వింతగా తోచును.

దీని ఇంజను టూ స్ట్రోకు జాతికి చెందినది. నేటి బండ్లలో పిస్టను నాలుగుమారులు కదలిన గాని ఒకమారు శక్తి పుట్టదు. ఇందు రెండుమారులు కదలినంతనే పుట్టును. తలుపులవలె తెరచి మూయు వాల్వులు దీనికి లేవు. సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టనే మూయుచు తెరచుచు నుండును. పెట్రోలును గాలియు కలిసిన మిశ్రమము ముందు క్రింది గదిలో ప్రవేశించి, అచ్చటి నుండి పైకి పోవును. కావున ఆ గదిలో వేరుగ నూనె నింపి యుంచుటకు వీలులేదు. నూనెను పెట్రోలులోనే కలిపి పోయవలయును. పెట్రోలు మండును, నూనె బేరింగులను పిస్టనును తడుపుచు పోవును. లీటరు పెట్రోలునకు 40 మిల్లీలీటర్ల నూనె యనునది మా తండ్రిగారి కొలత.

1988 మే మాసములో ఒకనాడు పలమనేరులోని మా మేనత్తగారింట శుభకార్యమునకు పోవలసి వచ్చెను. నాకప్పుడు పందొమ్మిదేండ్లు. తండ్రిగారు నన్ను పెట్రోలు పోయించుకొని రమ్మనిరి. నేను స్నేహితులతో మాటలలోపడి ఆలస్యము చేసి, తొందరలో ట్యాంకు నింపించి, నూనె మాట మరచితిని. నిలువ పెట్రోలులోని నూనె కొంత మిగిలియుండుటచే బండి కొంతదూరము బాగుగనే నడచెను. మొగిలి కనుమ యెక్కునప్పుడు ఇంజనులో సన్నని గలగల శబ్దము పుట్టినది. బలము తగ్గెను. “నాయనా, ఏదో తేడాగా నున్నది, ఆపుము” అని వెనుక నుండి తండ్రిగారు చెప్పుచుండగనే పిస్టను సిలిండరునకు పట్టివేసెను. వెనుకచక్రము బిగిసి, బండి జారి, ఇరువురమును పడితిమి. నాకు మోకాలు గీసుకొనిపోయెను. తండ్రిగారి కుడి ముంజేయి విరిగెను.

ఆ చేతితోనే వారు నల్లబల్లపై ఒక్క గీతలో నెమలిని వ్రాయుచుండెడివారు. మూడు మాసములు కట్టు కట్టుకొని ఎడమచేతితో బొమ్మలు వ్రాసిరి. కట్టు విప్పిన తరువాతను ఆ గీత మునుపటివలె రాలేదు. వారు నన్ను ఒక్కమాటయు అనలేదు. తిట్టియున్నచో నా కంత బాధ యుండెడిది కాదు. బండిని బాగుచేయించి, సిలిండరును తొలిపించి, కొంచెము పెద్ద పిస్టను వేయించిన దినమున నన్ను పిలిచి, ఒక చిన్న గాజుకొలతను నా చేతిలో పెట్టి, “నీ తొందర యంత్రమునకు తెలియదు, నాయనా. నీవు పోసినదే దానికి తెలియును” అనిరి. అంతియే.

నాటినుండి ఆ బండి సేవ నాపై పడినది. నూనె కాలుట వలన సైలెన్సరులో మసి పేరుకొని పొగ బయటకు పోక బండి మందగించును. ఏడాదికొకమారు లోపలి గొట్టములను ఊడదీసి, మంటలో కాల్చి, తీగకుంచెతో తోముదును. సిలిండరు రంధ్రముల మసిని ఇనుముతో గీకరాదు, చెక్కపుల్లతో గీకవలయును. ప్లగ్గును విప్పి చూచినచో ఇంజను ఆరోగ్యము తెలియును. కాఫీపొడి రంగున నున్న మంచిది. నల్లగా తడిగా నున్న పెట్రోలు గాని నూనె గాని ఎక్కువైనది. తెల్లబడిన యెడల గాలి యెక్కువై ఇంజను వేడెక్కుచున్నది. ఈ చివరిదే ప్రమాదకరము.

కనుమ దిగుటలో మరియొక రహస్యము కలదు. పలమనేరు నుండి చిత్తూరునకు వచ్చునప్పుడు థ్రాటిలు పూర్తిగా మూసి గేరులోనే దిగుట సులభముగా తోచును. కాని పెట్రోలు రానిచో నూనెయు రాదు. చక్రము మాత్రము ఇంజనును వేగముగా త్రిప్పుచుండును. కావున మధ్యమధ్య థ్రాటిలును కొంచెము తెరచి ఇంజనునకు గ్రుక్కెడు నూనె నీయవలయును. ఎడమచేతి రెండు వ్రేళ్లు ఎల్లప్పుడును క్లచ్చిపై నుండవలయును. ఇంజను పట్టివేసినను, క్లచ్చి నొక్కినచో చక్రము విడిపోవును. ఆ దినమున నాకీ మాట తెలిసియుండిన తండ్రిగారి చేయి విరిగియుండదు.

తండ్రిగారు 2009లో పరమపదించిరి. ఇటీవల మా చెల్లెలి కుమారుడు మోటోక్రాసు పందెముల చిత్రములు చూచి, “మామా, ఈ బండి మడ్‌గార్డులు కోసివేసి నీవా నది యిసుకలో దుమికింతును” అనెను. నాకు గుండె ఝల్లుమన్నను, వాని యుత్సాహమును త్రుంచుటకు మనసొప్పలేదు. ఆ క్రీడ 1924లో ఇంగ్లండునందలి కాంబర్లీ వద్ద మొదలైనదనియు, యెజ్డికి దాయాదియగు సీజెడ్ టూ స్ట్రోకు బండిపై జోయెల్ రోబెర్ అను ఇరువదియేండ్ల బెల్జియము యువకుడు 1964లో ప్రపంచ విజేత యయ్యెననియు చెప్పితిని. పిదప, “ఆ బండ్లు దుముకుటకే చేయబడినవి. ఇది దుమికినచో దీని చట్రము విరుగును. నీకు తగిన బండియు, శిరస్త్రాణమును, నేర్పుగల గురువును నేనే చూచెదను. అంతకుముందు ఒక యేడు దీనికి సేవ చేయుము” అంటిని. వాడు ముఖము ముడుచుకొనెను గాని ఒప్పుకొనెను.

ఏడాది నిండినది. మొన్న పలమనేరు నుండి తిరిగివచ్చుచు వానినే నడుపుమని నేను వెనుక కూర్చుంటిని. బయలుదేరుటకు ముందు వాడు గాజుకొలతను కంటి యెత్తునకు పట్టి రెండుమారులు చూచెను. మొగిలి కనుమ మలుపులలో నేనేమియు చెప్పలేదు. ప్రతి మలుపునకు ముందు ఇంజను ఒక్క గ్రుక్క త్రాగిన శబ్దము వినవచ్చెను. వాని భుజము మీదుగా వంగి చూచితిని. ఎడమచేతి రెండు వ్రేళ్లు క్లచ్చిపై నుండెను. నలుబది యేండ్లకు సమీపమున నాకు తొలిసారిగా ఆ కనుమ దారిలో గుండె కుదుటపడెను.

బాలబాలికలారా! పాత బండి మీకందరకును అక్కరలేదు. దాని పొగ గాలికి మేలుచేయునది కాదని నేనెరుగుదును, అందుచే మాసమునకొకమారు మాత్రమే తీయుదును. కాని పెద్దలు మీ చేతికిచ్చిన కొలత యేదైనను, దానిని తొందరలో మరువకుడు. మరచిన దోషమునకు శిక్ష ఒక్కొక్కప్పుడు మనకు కాక, మన వెనుక కూర్చున్నవారికి తగులును.