దీపము తప్పా, లెక్క తప్పా?

హనుమకొండలోని మా యింటి అటుకమీద పాత 60 వాట్ల టంగ్‌స్టన్ దీపమొకటి దొరికినది. వరంగల్లు ఇండ్లకు వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. వాట్లను వోల్టులచే భాగింప ప్రవాహము 0.26 ఆంపియరు, వోల్టులను ఆ ప్రవాహముచే భాగింప నిరోధము రమారమి 880 ఓములు.

బడి ప్రయోగశాలలో ఆ దీపమునే 1.5 వోల్టుల ఘటమునకు తగిలించి చూచితిని. 20 మిల్లీ ఆంపియర్లు పారెను. అనగా నిరోధము 75 ఓములే! ఆ లెక్కను ఇంటి విద్యుత్తునకు తగిలించినచో అది 700 వాట్లు మ్రింగవలెను. మార్కుల భయమున, చెప్పుటకు సిగ్గగుచున్నది, 75ను కొట్టివేసి 880 అని వ్రాయబోతిని. వెనుక నిలిచియున్న ఉపాధ్యాయులవారు, "నాయనా, నీవు కొలిచినది చల్లని తీగను గదా!" యనిరి.

వెలుగునపుడు ఆ తీగ రెండువేల డిగ్రీలకు మించి కాగును. లోహము కాగినకొలది నిరోధము హెచ్చును. ఇట్టి దీపములు తరచుగా స్విచ్చి వేసిన క్షణముననే మాడిపోవుటకు కారణము తొలి ప్రవాహము మిక్కుటమగుటయే. ఓముగారు 1827లో గ్రంథముగ ప్రకటించిన నియమము వేడిమి మారని తీగకు చెల్లును. వారును కొలోను నగరమున జెసూటుల బడిలో పాఠములు చెప్పుచునే ఈ ప్రయోగములు చేసిరట.

75 నా పుస్తకమున నట్లే యున్నది. దాని ప్రక్కన "చల్లని తీగ" అని వ్రాసికొంటిని.