నాన్న, పచ్చ బటను, నేను రాసిన బీప్

మాది జంగారెడ్డిగూడెం. పశ్చిమ గోదావరి జిల్లా అని రాయడం అలవాటైపోయింది గానీ 2022 నుంచి ఏలూరు జిల్లా అని రాయాలి. గోదావరి జిల్లా అనగానే కాలవలూ, వరి చేలూ, కొబ్బరి చెట్లూ ఊహించుకునే మిత్రులకి ముందే ఒక మాట: మాది మెట్ట. పొగాకు, మొక్కజొన్న, పామాయిలు పండిస్తాం. మాకు నీళ్ళంటే బోరు, బోరంటే మోటారు, మోటారంటే స్టార్టరు. ఈ రోజు నా సోదంతా ఆ స్టార్టరు మీద ఉండే రెండు బటన్ల గురించి.

నాన్నకి డెబ్భై దాటాయి. పదిహేనేళ్ళుగా షుగరు. వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికే తంటాలు పడతాడు. అయినా తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకుని చేలోకి వెళ్ళి మోటారు వెయ్యడం మాత్రం మానడు. కొడుకు ఇంజినీరు అయ్యుండి ఈ మాత్రం చెయ్యలేకపోతే ఎలా అని, సంక్రాంతికి వెళ్ళినప్పుడు పాత స్టార్టరు పీకించి కొత్త పేనెల్ పెట్టించాను. ఫోన్లోంచి మోటారు వెయ్యొచ్చు, ఆపొచ్చు. ఫోను కుదరకపోతే పేనెల్ మీద నల్లటి అద్దం పలక, దాని మీద ఒకే ఒక్క గుర్తు. ఒకసారి ముట్టుకుంటే ఆన్, మళ్ళీ ముట్టుకుంటే ఆఫ్. చూడ్డానికి భలే ఉంది. ఫొటో తీసి ఆఫీసులో వాళ్ళకి కూడా చూపించాను.

హైదరాబాదు వచ్చిన పది రోజులకి అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, చేలో రెండు రాత్రుల్నించీ చుక్క నీరు పడలేదంట. జొన్న పీచు పడే టైము. మీ నాన్న మాట్టాడట్లేదు" అంది. ఫోన్ ఇమ్మన్నాను.

"వేసావా నాన్నా?"

"వేసాన్రా. పలికితేగా! పచ్చదైతే టక్కుమనేది. ఇది నోరు మెదపదు. పడిందో లేదోనని మళ్ళీ ముట్టుకున్నాను."

అర్థమయింది కదా? ఆ పేనెల్ మోటారు వేసేముందు కొన్ని సెకన్లు ఆగుతుంది. కరెంటు నిలకడగా ఉందో లేదో చూసుకోవడానికి. ఆ కొన్ని సెకన్ల మౌనంలో నాన్న రెండోసారి ముట్టుకున్నాడు, అంటే ఆపేశాడు. బోరులో ఎక్కడో లోతున ఉండే మోటారు పైకి వినపడదు, నీళ్ళు పడేది చేను ఆ చివర. వేశాననుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. నా పేనెల్ లెక్క ప్రకారం రెండు ముట్టుకోవడాలూ సరిగ్గానే పనిచేశాయి. ఎండింది చేను మాత్రమే.

ఆ శనివారం ఊరెళ్ళి, గొడ్ల పాకలో పడేసిన పాత స్టార్టరు మూత తీసి కూర్చున్నాను. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే గానీ, ఎప్పుడూ సరిగ్గా చూడలేదని అప్పుడే తెలిసింది.

పచ్చ బటను నొక్కితే లోపల ఒక కాయిల్‌కి కరెంటు వెళ్తుంది. కాయిల్ అయస్కాంతమై బరువైన ఇనప ముక్కని లాగుతుంది. దాంతోపాటు మూడు ఫేజుల రాగి కాంటాక్టులు కలుసుకుంటాయి. టక్! పక్కనే ఉన్న ఇంకో చిన్న కాంటాక్టు కూడా కలుసుకుని, మనం వేలు తీసేసినా కాయిల్‌ని పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది. మళ్ళీ కరెంటొచ్చినా దానంతటది మోటారు తిరగదు, మనిషి వచ్చి నొక్కాల్సిందే. ఈలోపు ఎవరైనా వైర్లు పట్టుకుని పనిచేస్తుంటే ప్రాణం దక్కుతుంది.

ఎర్ర బటను కథ దీనికి తిరగేసి. దాని కాంటాక్టులు ఎప్పుడూ కలిసే ఉంటాయి, నొక్కితే విడిపోతాయి. కాబట్టి దానికి వెళ్ళే వైరు ఎలక కొరికి తెగినా మోటారు ఆగిపోతుంది. పాడైతే ఆగిపోవాలి గానీ ఆపలేని స్థితి రాకూడదని అలా పెట్టారు. పచ్చది అంచుతో సమానంగా లోపలికి ఉంటుంది, పొరపాటున చెయ్యి తగిలి పడకుండా. ఎర్రది బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, చీకట్లో అరచేత్తో గుద్దినా తగిలేలా. మొద్దుబారిన వేళ్ళకి కూడా ఏది ఏదో తెలుస్తుంది.

అన్నిటికన్నా నన్ను ఆపేసింది ఆ టక్కు. అది బటను చప్పుడు కాదండీ! రాగి కాంటాక్టులు నిజంగా కలుసుకున్న చప్పుడు. పని జరిగితేనే వస్తుంది, జరక్కపోతే రాదు. నాన్న నలభై ఏళ్ళుగా వింటున్నది దాన్ని.

మన వృత్తిలో దీనికి దగ్గరి చుట్టం కీబోర్డు. 1981లో ఐబీఎమ్ పీసీతో వచ్చిన కీబోర్డులో ప్రతి కీ కిందా ఒక స్ప్రింగు ఉండేది. నొక్కుతూ పోతే ఒక చోట ఆ స్ప్రింగు పక్కకి వంగిపోతుంది. ఆ వంగడంతోనే అడుగున ఉన్న చిన్న మీట వాలి అక్షరం నమోదవుతుంది, ఆ వంగడంతోనే టక్కుమంటుంది. మన దేశంలో కొట్లలో, ఆఫీసుల్లో కొన్నేళ్ళపాటు రాజ్యమేలిన టీవీఎస్ గోల్డ్ కీబోర్డు గుర్తుందా? అందులో ఉండేవి చెర్రీ కంపెనీ నీలం స్విచ్చులు. కీ మొత్తం నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది. రెండు మిల్లీమీటర్లు దాటగానే లోపలున్న తెల్ల ముక్క ఒక్కసారిగా కిందికి దూకుతుంది. ఆ దూకుడుకే రేకులు కలుస్తాయి, ఆ దూకుడుకే చప్పుడవుతుంది. ఇక్కడా చప్పుడూ పనీ కవల పిల్లలు.

చవక కీబోర్డుల్లోనూ, రిమోట్లలోనూ ఉండే రబ్బరు బుడగ సంగతి వేరు. ముందు బుడగ కుంగుతుంది, వేలికి 'అయిపోయింది' అనిపిస్తుంది. కాంటాక్టు కలిసేది ఆ తర్వాత, అడుగుకంటా వెళ్ళాక. ఆ మధ్యలో వేలు తీసేస్తే నొక్కామని మనం, నొక్కలేదని అది. 2016లో ఐఫోన్ 7 హోమ్ బటను కదలడమే మానేసింది. లోపల మోటారు చిన్నగా అదిరి నొక్కినట్టు భ్రమ కలిగిస్తుంది. ఫోను ఆపేసి నొక్కితే రాయిలా ఉంటుంది. తప్పని అనను, కానీ అక్కడ టక్కుమనిపించేది సాఫ్టువేరు. అంటే మనం. అక్కడే నాకు భయం. ఎందుకంటే ఒకప్పుడు నేనే ఒక అబద్ధపు బీప్ రాశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బిల్లింగు మెషీన్లకి ఫర్మ్‌వేర్ రాసేవాణ్ణి. (ఏ కంపెనీయో అడక్కండి.) రబ్బరు కీలు. ఏ స్విచ్చులోనైనా రెండు లోహాలు కలిసేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్లు ఎగిరెగిరి పడతాయి. ఆ ఎగురుళ్ళని ఒకే నొక్కుగా లెక్కబెట్టడం ప్రోగ్రాం పని. కీలు అరిగేకొద్దీ ఆ ఎగురుళ్ళు పెరిగి, 5 నొక్కితే 55 పడుతోందని ఫిర్యాదులు వచ్చాయి. రబ్బరు షీటు మార్చాలంటే ఖర్చు. "సాఫ్టువేర్లో చూడండి" అన్నారు. చూశాను. ఒక కీ పడ్డాక 150 మిల్లీసెకన్ల దాకా అదే కీ మళ్ళీ పడకుండా ఒక్క అంకె మార్చాను. ఫిర్యాదులు ఆగిపోయాయి, మేనేజరు మెచ్చుకున్నాడు.

కొన్ని నెలలకి ఒక చిన్న ఊళ్ళోని ఎరువుల కొట్టు నుంచి ఫిర్యాదు వచ్చింది. గుమాస్తా 1550 కొడితే 150 పడుతోందట. ఒకసారి కాదు, చాలాసార్లు. తేడా అతని జీతంలో కోసుకుంటున్నారట. నేను ఆఫీసులో కూర్చుని నింపాదిగా 1, 5, 5, 0 నొక్కాను. 1550 వచ్చింది. 'మెషీన్లో లోపం లేదు, వాడేవారి పొరపాటు' అని రాసి మూసేశాను.

అతను చెయ్యి తిరిగినవాడు. రెండు ఐదుల మధ్య 150 మిల్లీసెకన్లు కూడా పట్టేది కాదు. రెండో ఐదు నా ప్రోగ్రాం మింగేసింది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, బీప్ మాత్రం మోగింది. నా కోడులో బీప్ ఉన్నది కీ కదిలినట్టు తెలిసిన చోట, అంకెని ఒప్పుకున్న చోట కాదు. నాలుగు నొక్కులు, నాలుగు బీపులు, మూడు అంకెలు. జనం మధ్య తెర వంక చూడకుండా చెవి మీద నమ్మకంతో బిల్లు కొట్టే మనిషికి మెషీన్ అబద్ధం చెప్పింది. చెప్పించింది నేను. ఈ సంగతి నాకు తట్టింది ఉద్యోగం మారిన చాలా కాలానికి. అప్పటికి అతనెవరో కనుక్కునే దారి లేదు.

సరిగ్గా చేసినవాళ్ళు కూడా మన దగ్గరే ఉన్నారు. ఓటింగు యంత్రాలు తయారుచేసేవి రెండే సంస్థలు, బెంగుళూరు బీఈఎల్, మన హైదరాబాదు ఈసీఐఎల్. ఆ యంత్రాల మీద వేరే వాదనలు ఎన్నైనా ఉండొచ్చు, నేను మాట్లాడేది నీలం బటను గురించే. 2024 మే 13న నాన్నని ఓటుకి తీసుకెళ్ళాను. లోపల అధికారి ఒక ఓటుకి వదిలితేగానీ ఆ బటను పనిచెయ్యదు. నొక్కాక అభ్యర్థి పక్కన ఎర్ర లైటు, పక్క పెట్టెలో ఏడు సెకన్లు చీటీ, ఓటు నమోదయ్యాక పొడుగాటి బీప్. అనుమానంతో పదిసార్లు నొక్కినా లెక్కలోకి వచ్చేది మొదటిదే. నాన్న రెండుసార్లు నొక్కే ఉంటాడు! ఆయన ఓటు రద్దు కాలేదు. చేలో నేను పెట్టిన పేనెల్‌కి ఈపాటి ఇంగితం లేకపోయింది.

ఆ ఆదివారం ఎలక్ట్రీషియన్ని పిలిచి పాత స్టార్టరు మళ్ళీ బిగించాం. ఫోను పరికరాన్ని దానికి తోడుగా ఉంచాం, పెత్తనం మాత్రం బటన్లదే. నాన్న వచ్చి బొటనవేలు మడిచి, కణుపుతో పచ్చది నొక్కాడు. టక్కుమంది. రేకు పెట్టె మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం అలాగే ఉన్నాడు. వేళ్ళకి తెలియనిది అరచేతికి తెలుస్తుందనుకుంటా.

"ఇదిగో, ఇప్పుడు పలికింది" అన్నాడు.

మీరు రాసిన ప్రోగ్రాంలో కూడా ఎక్కడో ఒక బీపో, ఒక పచ్చ టిక్కో, 'విజయవంతంగా నమోదయింది' అన్న వాక్యమో ఉండే ఉంటుంది. అది పని జరిగాక వస్తోందా, నొక్కగానే వస్తోందా? సోమవారం ఆఫీసుకెళ్ళాక ఓసారి చూడండి. ఆ చప్పుడు నమ్ముకుని ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళు ఉంటారు.