కలానికో లక్క పెట్టె!

లక్కపిడతలతో బువ్వాలాట ఆడని అమ్మమ్మలు మన ఇళ్లలో అరుదు. అదే లక్క పేరుతో జపాన్‌లో కలాలకు పెట్టెలు చేశారు. ఒక్కో పెట్టె ఆ దేశానికే నిధి అయింది. ఇక్కడి లక్కకూ అక్కడి లక్కకూ పోలికేంటి?

శృంగవరపుకోట రైల్వేస్టేషన్‌లో కాసేపు నిలబడితే చాలు... ఇనుప ఖనిజం నింపుకొన్న గూడ్సుబండి ఒకటి విశాఖవైపు దిగుతూ కనిపిస్తుంది. అరకు వెళ్లే పర్యటకులకు ఇది అందాల దారి. కానీ కొత్తవలస-కిరండూల్ లైను పుట్టింది అందాల కోసం కాదు, బైలదిల్లా ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి. 1960ల్లో వేసిన ఆ పట్టాలు విజయనగరం జిల్లాలోని ఈ ఊరికీ జపాన్‌కూ చుట్టరికం కలిపాయి. ఇంకో చుట్టరికం చూడాలంటే మాత్రం అరకువైపు కాదు, అనకాపల్లివైపు బయల్దేరాలి. యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు!

తిరిగే కర్ర... కరిగే లక్క

ఊళ్లోకి అడుగుపెడితే లేత్ మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. మిషన్ మీద గిరగిరా తిరిగేది అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా ఉండే ఆ కర్ర ఉలి పెడితే చాలు, చెప్పినట్టు వింటుంది. నునుపు తేలాక రంగు కలిపిన లక్క ముక్కను దానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాంటి మెరుపు! బొమ్మలు, కుంకుమ భరిణెలు, బల్ల మీద పెన్నులు పెట్టుకునే స్టాండ్లు... అన్నీ ఇలా పుట్టేవే.

ఈ లక్క ఓ చిన్న పురుగు చలవ. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మలమీద చేరి అది కక్కే జిగురే లక్క. వేడి తగిలితే ఇట్టే కరుగుతుంది. పాండవుల కోసం దుర్యోధనుడు లక్క ఇల్లు ఎందుకు కట్టించాడో ఏటికొప్పాకలో చూస్తే తెలుస్తుంది.

బంగారు పొడి... సుజురిబాకో

జపాన్ లక్క అలా కాదు. అది ఉరుషి అనే చెట్టు కారే పాలు. పచ్చిగా ఒంటికి తగిలితే దద్దుర్లే. ఆరాలంటే ఎండ కాదు, తేమ కావాలి. పలుచటి పూత వేసి, తేమగా ఉండే బీరువాలో పెట్టి, సానబెట్టి, మళ్లీ పూత... ఒక్క పెట్టెకు నెలలు పడుతుంది. గట్టిపడితే మాత్రం వేడికీ నీటికీ చెక్కుచెదరదు. పూత తడిగా ఉండగానే బంగారు పొడి చల్లి బొమ్మలు దిద్దే పనిని ‘మకీ-ఎ’ అంటారు.

ఆ పనితనమంతా పోసి చేసిందే సుజురిబాకో. సిరా అరగదీసే రాయి, మసితో చేసిన సిరా కడ్డీ, కుంచె, నీటి చుక్కలు వేసే చిన్న పాత్ర... ఇవన్నీ దాచుకునే పెట్టె. ఒగాటా కోరిన్ (1658-1716) చేసిన పెట్టె టోక్యో నేషనల్ మ్యూజియంలో జాతీయ నిధిగా ఉంది. నల్లటి లక్క మీద ముత్యపుచిప్ప పూలు, బంగారు ఆకులు, సీసపు వంతెన!

మన పెద్దలు తాటాకు మీద గంటంతో గీసి, మసి పూసి చదువుకున్నారు. కుంచె, సిరా రాయి అక్కర్లేని రాత అది. అందుకేనేమో మన లక్క కలాల వైపు కన్నా పసిపిల్లల వైపే వెళ్లింది.

చెట్టుంటేనే...

రసాయన రంగులు వచ్చిపడ్డాక ఏటికొప్పాక పాత పద్ధతి మరుగునపడింది. దాన్ని మళ్లీ పసుపు, జాఫ్రా, నీలిమందు లాంటి సహజ రంగులవైపు తిప్పినవారిలో ముఖ్యుడు చింతలపాటి వెంకటపతిరాజు. 2017లో ఏటికొప్పాక బొమ్మకు భౌగోళిక గుర్తింపు, 2023లో రాజుకు పద్మశ్రీ వచ్చాయి. 2025 గణతంత్ర దినోత్సవాన దిల్లీలో ఈ బొమ్మల శకటం మూడోస్థానంలో నిలిచింది.

పేరొచ్చింది సరే, కర్ర మాటేమిటి? అంకుడు చెట్టు అడవి నుంచి రావాలి. కొట్టినంత వేగంగా అది పెరగదు. జపాన్‌దీ అదే బాధ. పదిహేనేళ్లు పెంచిన ఉరుషి చెట్టు ఇచ్చేది దాదాపు 200 గ్రాముల రసం. అందుకే అక్కడ వాడే రసంలో ఎక్కువ భాగం చైనా నుంచే వస్తోంది. దీనికితోడు 2024 జనవరి 1న వచ్చిన భూకంపం, మంటలు లక్క పనికి పేరుపడ్డ వాజిమా పట్టణాన్ని దెబ్బతీశాయి. అక్కడి పనివాళ్లు ఇళ్లతో పాటు పని చేసుకునే చోటునూ పోగొట్టుకున్నారు.

సెల్‌ఫోన్ మీద వేళ్లతో రాసే కాలంలో కలం పెట్టెలెందుకు అనిపించవచ్చు. కానీ ఆ పని తెలిసిన చేయి ఒకసారి ఆగితే మళ్లీ నేర్పేవారుండరు. ఏటికొప్పాక నుంచి తెచ్చుకున్న పెన్ను స్టాండు బల్లమీద ఉంటే అందమే. పెరట్లో ఓ అంకుడు మొక్క కూడా ఉంటే... మనవలకూ లక్కపిడతలుంటాయి!

ఎలా వెళ్లాలి?

శృంగవరపుకోట నుంచి కొత్తవలస, పెందుర్తి, అనకాపల్లి మీదుగా రోడ్డుమార్గంలో యలమంచిలి చేరాలి. అక్కడికి దగ్గర్లోనే ఏటికొప్పాక. రైల్లో వచ్చేవారికి నర్సీపట్నం రోడ్ స్టేషన్ దగ్గర. ఉదయాన్నే బయల్దేరితే పని చూసి, బొమ్మలు కొనుక్కుని చీకటిపడేలోగా తిరిగి రావచ్చు.