మీది ఏ ప్యాకేజీ?

షికాగోలో డిష్‌లన్నీ దక్షిణపు ఆకాశం వైపే చూస్తుంటాయి. ఉపగ్రహాలుండేది భూమధ్యరేఖకు పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున. ఊళ్ళో పడమటికి తిరిగి నమాజు చేసిన మేము ఇక్కడ ఈశాన్యానికి తిరుగుతాం. అల్లాకు ఒక దిక్కు, ఊరి కబురుకు ఒక దిక్కు.

ఆ రెండో దిక్కును చలికాలంలో మంచు మూసేస్తుంది. పొడి మంచు పెద్దగా అడ్డం రాదు. తడి మంచుతోనే తంటా. పైనుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను నీరు తాగేస్తుంది. పళ్ళెంలో మంచు పేరుకుంటే దాని వంపు చెడి, ముందున్న చిన్న డబ్బా మీద పడాల్సిన సిగ్నల్ పక్కకు పోతుంది. బి.ఏ.లు చదివిన మాకు ఈ సైన్సు నేర్పింది మంచే.

2011 ఫిబ్రవరి మొదట్లో వచ్చిన తుఫానుకు షికాగోలో 21.2 అంగుళాల మంచు పడింది. లేక్ షోర్ డ్రైవ్ మీద వందల కార్లు ఇరుక్కుపోయాయి. అటు శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటికొచ్చి నెల కూడా కాలేదు. రాష్ట్రం చీలుతుందా? హైదరాబాద్‌ను కేంద్రపాలితం చేస్తారా? హైదరాబాద్ లేకుండా మాకు చరిత్రే లేదు. టీవీలో మాత్రం 'సిగ్నల్ లేదు' అన్న ఒక్క ముక్క.

మంచు దులపడానికీ ఓ పద్ధతుంది. జారే కప్పు ఎక్కకూడదు. కింద నిలబడే పొడుగు కర్రకు మెత్తని బ్రష్ తగిలించి పైనుంచి కిందికి నిమరాలి. గీకకూడదు, కొట్టకూడదు. డిష్ కాస్త కదిలినా ఉపగ్రహం తప్పిపోతుంది. వేడినీళ్ళు పోస్తే ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. వేళ్ళు కొంకర్లుపోయేదాకా నిమిరాం.

ఇంత పాట్లు ఏ భాష కోసం?

డిష్ పెట్టించుకున్నప్పుడు ఫోన్లో అడిగారు: "మీది ఏ ప్యాకేజీ? పేరు చూస్తే ఉర్దూ అనుకుంటా." అప్పట్లో ఆ మూటలో ఉన్నవి చాలావరకు పాకిస్తాన్ ఛానళ్ళు. "తెలుగు కూడా కావాలి" అన్నాం. అవతల కాసేపు మాట లేదు.

ఉగాది సభకు వెళ్తే "అబ్బ, మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!" అని మెచ్చుకుంటారు. మసీదులో కరాచీ పెద్దాయన "తెలుగా? అది హిందువుల జబాన్ కదా భాయ్!" అని విస్తుపోతాడు. మెచ్చుకోలు ఒకరిది, విస్తుపోవడం ఇంకొకరిది. రెండింటికీ అర్థం ఒక్కటే: మీరు మావాళ్ళు కారు.

1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దశాబ్దాల పాటు ఉర్దూలోనే చదువు చెప్పింది. ఆ ఉర్దూ ఏ సరిహద్దు అవతలిది? సంతలో మా బేరం, బళ్ళో మా పద్యం, పత్రికలో మేం రాసే వార్త తెలుగు. ఆ తెలుగు ఏ మతానిది? అమ్మీ జోలపాడింది ఒక భాషలో, వీధి మమ్మల్ని పెంచింది ఇంకో భాషలో. ఒకదాన్ని వదులుకోమనడం సగం మనిషిగా బతకమనడమే.

అందుకే రెండు మూటలకూ డబ్బు కట్టాం. రెండూ ఒకే పళ్ళెంలోకి దిగాయి. మంచు పడితే కలిసే ఆగాయి, దులిపితే కలిసే వచ్చాయి.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఛానళ్ళు ఇంటర్నెట్‌లోనే వస్తున్నాయి. బ్రష్‌తో పని తగ్గింది. ప్రశ్న మాత్రం పోలేదు. పేరు వినగానే మా భాషేదో తేల్చేసే చూపుల మీద కూడా మంచు పేరుకునే ఉంది. దాన్ని దులపాల్సింది మేమొక్కళ్ళమే కాదు.