రేవులో మా ఊరి మాట

విశాఖపట్నం అనగానే మనబోటి సినిమా పిచ్చివాళ్లకి ముందు గుర్తొచ్చేది 'మరో చరిత్ర'. 1978లో వచ్చిన ఆ సినిమాలో బాలచందర్ గారు కమల్ హాసన్‌నీ, సరితనీ ఈ సముద్రం ఒడ్డునే ప్రేమలో పడేశారు. ఆ ఒడ్డు చూద్దామని శ్రీకాకుళంలో బస్సెక్కాను.

సాయంత్రం బీచ్ రోడ్డు తిరునాళ్లలా ఉంది. 2002 నుంచి మ్యూజియంగా ఉన్న 'కుర్సురా' జలాంతర్గామి ముందు ఫోటోల సందడి, పక్కన మురీ మిక్చర్ బండ్లు. అంతా బాగుంది గానీ, ఆ జనంలో నేను ఒంటరినే.

మర్నాడు తెల్లారకముందే చేపలరేవుకి వెళ్లాను. ముందు వాసన పలకరించింది, తర్వాత కేకలు. ఐసు దంచేవాళ్లు, గంపలు దించేవాళ్లు, పాటలో ధర తెగనివ్వని ఆడవాళ్లు. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ. అసలు ఊరు ఇక్కడుందనిపించింది.

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "ఏటి బావూ, అలా నిలబడిపోనావు?" అన్నాడు. ఆ యాస వినగానే ప్రాణం లేచొచ్చింది.

"మీదే ఊరు మామా?"

"కళింగపట్నం కాడ."

వంశధార సముద్రంలో కలిసే చోటు! బ్రిటిషువాళ్ల కాలంలో ఓడలాగిన రేవు. ఇప్పుడు చూడ్డానికి దీపస్తంభం మిగిలింది.

"'తండేల్' చూశావా మామా?" అన్నాను. 2018లో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇల్లు చేరిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల కథే కదా అది. 2025లో నాగచైతన్య, సాయిపల్లవి నటించారు.

"సూసినాం బావూ. సినిమా రెండున్నర గంటల్లో అయిపోద్ది. మా ఆడోళ్లకి ఎదురుసూపు ఏటేటా ఉంటది. మన కాడ పడవ కట్టుకోడానికి సరైన రేవుంటే ఇంత దూరం ఎందుకొస్తాం?"

2023లో మన జిల్లా మూలపేటలో ఓడరేవుకి శంకుస్థాపన అయిందని గుర్తుచేశాను. "అది పెద్ద ఓడలకి బావూ" అని నవ్వేశాడు.

"అబ్బాయిని కూడా వేటకి పంపుతావా?"

"నేదు, సదివిస్తన్నాను." వల ముడి బిగిస్తూ నన్ను ఎగాదిగా చూశాడు. "అయినా సదువుకున్నోళ్లు మాత్రం ఊరొదల్టం నేదేటి? నువ్వూ ఇక్కడే ఉన్నావు కదా!"

పత్రికలకి రాసుకు బతికే బి.ఏ. గాణ్ణి. నా దగ్గర జవాబు లేదు. 'మరో చరిత్ర' ఒడ్డు చూడకుండానే తిరుగు బస్సెక్కాను.