బస్రాకు పోయినాయన

పొద్దున ఎనిమిదింటికి వేలూరు లాంగ్ బజారులో ఒక్కచోట నిలబడటం కష్టం. బెల్లం బస్తాలు దించుతున్న లారీ, వీపున మూటలతో వంగి నడిచే మనుషులు, తోపుడు బండ్ల మధ్య దారి వెతుక్కునే స్కూటర్లు. ఒక పూలబుట్ట పక్కన కాస్త జాగా చూసుకుని గడియార స్తంభం గోడలో ఉన్న పలక చదివాను. ఇంగ్లీషులో రెండే ముక్కలు. ఇక్కడి నుంచి 277 మంది 1914-18 మహాయుద్ధానికి వెళ్ళారు, వారిలో 14 మంది ప్రాణాలిచ్చారు. ఒక్క పేరు లేదు. సైనికులను పంపిన ఊళ్ళలో ఆ రోజుల్లో ఇలాంటి పలకలు పెట్టించారు. మాట అన్నిచోట్లా ఒకటే, అంకెలు మాత్రం ఊరిని బట్టి మారతాయి.

ఆ యుద్ధానికి మా ఇంట్లో 'జర్మనీ యుద్ధం' అని పేరు. మా అవ్వకు చిన్నాయన వరసైన ఒకాయన గుడియాత్తం పక్క పల్లె నుంచి పట్టాళంలో చేరి పోయి, మళ్ళీ రాలేదు. మహాలయ అమావాస్యకు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు అవ్వ ఆయనకని ఒక పంచె విడిగా పెట్టేది. పెద్దవాళ్ళ పేరు నోట పలకగూడదన్న పట్టింపు ఆమెది. ఎన్నిసార్లు అడిగినా "బస్రాకు పోయినాయన" అనేదే తప్ప పేరు చెప్పలేదు. ఆమె పోయాక మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ పేరు ఎవరికీ తెలీదు. అమ్మ మాత్రం పంచె పెట్టడం మానలేదు. చిత్తూరులో బస్సెక్కి నేనిక్కడికి రావడానికి కారణం ఆ పంచే.

ఇరాక్‌లోని బస్రాలో ఆ యుద్ధపు స్మారకం ఒకటి ఉంది, 1929లో ఆవిష్కరించారు. బ్రిటిష్ సైనికులందరి పేర్లూ దాని మీద చెక్కారు. భారతీయుల్లో అధికారులకే ఆ గౌరవం దక్కింది. మామూలు సిపాయిలు మాత్రం వాళ్ళ దళం పేరు కింద ఇంతమంది అనే అంకె అయిపోయారు. చనిపోయినవాళ్ళందరినీ హోదా చూడకుండా ఒకే తీరున గుర్తుంచుకోవాలన్నది 1917లో ఆ పనికి పెట్టుకున్న సంఘం చెప్పిన నియమం. ఆ నియమం సిపాయి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయిందని వాళ్ళ వారసులే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. ఫ్రాన్సులో నూవ్ షాపెల్ దగ్గరున్న స్మారకం మీద మన సిపాయిల పేర్లున్నాయి, ఢిల్లీలో ఇండియా గేటు మీదా పదమూడు వేలకు పైగా పేర్లున్నాయి. చెక్కాలనుకుంటే చెక్కగలరనే కదా దానర్థం. అందుకే బస్రా సంగతి నాకు మింగుడుపడదు.

లాంగ్ బజారు నుంచి మక్కాన్ కూడలికి నడిచాను. జూలై 10. అక్కడి సిపాయిల తిరుగుబాటు స్మారక స్తంభం చుట్టూ ముందే కడిగి ముగ్గు వేశారు. కలెక్టరు, పోలీసులు, మాజీ సైనికులు వరుసగా వచ్చి పూలదండలు ఉంచారు. మెడల్స్ పెట్టుకున్న ఒక పెద్దాయన సెల్యూట్ చేసి చెయ్యి దించడానికి కాస్త ఎక్కువసేపే తీసుకున్నాడు. 1806లో ఇదే రోజు తెల్లవారుజామున కోటలోని మద్రాసు సిపాయిలు తిరగబడ్డారు. 1857 కన్నా అర్ధ శతాబ్దం ముందు మాట ఇది. నుదుటి బొట్టు తుడుచుకోవాలి, గడ్డం తీయాలి, కొత్త రకం తలపాగా పెట్టాలి అని 1805లో వచ్చిన ఉత్తర్వు వాళ్ళను రగిలించింది. ఆ తలపాగాకు తోలు బిళ్ళ కూడా ఉండేది. టిప్పు సుల్తాను కుటుంబం ఆ కోటలోనే బందీగా ఉండటం నిప్పుకు గాలి తోడైనట్టయింది. తెల్లవారేసరికి కోట సిపాయిల చేతిలోకి వచ్చింది. మధ్యాహ్నానికి ఆర్కాటు నుంచి ఇంగ్లీషు అధికారి గిలెస్పీ గుర్రపు దళం వచ్చి తిరిగి పట్టుకుంది.

అక్కడి నుంచి కోటకు వెళ్ళాను. మా పెద్దలు రాయవేలూరు కోట అని చెప్పుకునేదే, బొమ్మిరెడ్డి కట్టించాడని చెప్పేదే. కందకంలో నీళ్ళు కదలకుండా ఉన్నాయి. లోపల జలకంఠేశ్వరుడి గుడిలో జనం, చర్చి ముందు నీడలో పిల్లలు. ఇక్కడే నూరుమంది దాకా సిపాయిలను గోడకు నిలబెట్టి ఫిరంగులతో కాల్చారని, ఆ రోజు గిలెస్పీతో వచ్చిన అధికారి బ్లాకిస్టన్ తర్వాత రాసుకున్నాడు. ఆ రాత్రి చనిపోయిన 69వ దళం తెల్లవాళ్ళకు కోట బయటి పాత స్మశానంలో సమాధి రాయి ఉంది. సిపాయిలకు మట్టి దక్కిందో లేదో. తిరగబడ్డ మూడు బెటాలియన్లనూ సైన్యపు జాబితాలోంచే కొట్టేశారు. వాళ్ళకు మక్కాన్ కూడలిలో ఆ స్తంభం స్వతంత్రం వచ్చాక గానీ లేవలేదు. తపాలా బిళ్ళ 2006లో, 200 ఏళ్ళకు వచ్చింది. ఆలస్యమైనా వచ్చింది, పూలు పడుతున్నాయి. ఆ స్తంభం మీదా పేర్ల వరుస లేదు.

గుడియాత్తం బస్సు ఎక్కాను. లుంగీల మగ్గాలకూ, అగ్గిపెట్టెలకూ పేరుపడ్డ ఊరు. 1911లో చిత్తూరు జిల్లా వేరు పడేదాకా మేమూ వాళ్ళూ ఒకే ఉత్తర ఆర్కాటు. అందుకే ఇప్పటికీ సంతలో బేరం తమిళంలో మొదలై తెలుగులో ముగుస్తుంది. నాకు అక్కడ కావలసింది ఇంకా పాత స్మారకాలు. ఈ తాలూకాలోని కీళ్ముట్టుగూరు శాసనాలను హుల్ట్జ్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో అచ్చు వేశాడు. అందులో చోళ పరాంతకుడి కాలపు రాయి, అంటే వెయ్యేళ్ళు దాటినది, ఆవుల మందను విడిపించి ప్రాణం వదిలిన ఒక మనిషిది. ఆ మనిషి పేరు దానిమీద ఉంది. రాజు పేరు పక్కనే ఉంది.

విరాటపర్వంలో గోగ్రహణం చదువుకున్నవాళ్ళం, మంద కోసం యుద్ధమంటే మనకు కొత్త కాదు. అయితే మందకు అడ్డుపడి పడిపోయినవాడికి రాయి నాటడాన్ని ఈ నేల ఒక క్రతువుగా చేసింది. తొల్కాప్పియం దానికి ఆరు మెట్లు చెబుతుంది. రాయిని చూడటం, తీసుకోవడం, నీళ్ళలో ఉంచడం, నాటడం, నైవేద్యం పెట్టడం, చివరికి కొనియాడటం. మనవైపు ఈ రాళ్ళను వీరగల్లులంటారు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ చేస్తారు. అదీ ఇదీ ఒక ఇంటి అలవాట్లే అనిపిస్తుంది నాకు.

గుడియాత్తం దాటాక ఒక చెరకు తోట గట్టున, వేపచెట్టు కింద అలాంటి రాయి ఉందని టీకొట్టు దగ్గర చెప్పారు. వెళ్ళేసరికి ఎండ దిగుతోంది. మోకాటి ఎత్తు పలక, సగం భూమిలోకి కూరుకుపోయింది. పసుపు, కుంకుమ, నూనె మరకలు మందంగా పేరుకుని బొమ్మను మింగేశాయి. అక్షరాలంటూ ఉన్నా వేళ్ళకు తగల్లేదు. బోరు దగ్గర గడ్డి కడుగుతున్న ముసలామె నన్ను చూసి దగ్గరికొచ్చింది. తమిళంలో అడిగితే నా యాస పట్టేసి తెలుగులో జవాబిచ్చింది.

"ఈరుడు నాయనా. మా అత్త నీళ్ళు పోస్తావుండె. ఆమె పోయినాక నేను పోస్తావుండా."

"పేరేంటి అవ్వా?"

"ఈరుడే."

"మీ వంశమా?"

"మాది కాదు. ఈ చేను మేము కొనింది. చేనుతో పాటు వచ్చినాడు."

ఇంట్లో ఎవరైనా పట్టాళానికి పోయారా అని అడిగాను. కొడుకు పోయి పింఛనుతో తిరిగొచ్చాడట, మనవడు జమ్మూలో ఉన్నాడట. బండెక్కే ముందు వాణ్ణి ఇక్కడికే తెచ్చి మొక్కించిందట. వేలూరు జిల్లాలో ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆమె ఆ మాట చెప్పిన తీరులో గొప్ప లేదు, భయం ఉంది.

నేను బస్రాకు పోయినాయన సంగతి చెప్పాను. పల్లె పేరు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. బోరు దగ్గరికి పోయి చెంబు నిండా నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది.

"నువ్వే పొయ్యి."

పోశాను. పసుపు కరిగి పక్కలకు జారింది. తడిసిన రాయి నల్లబడేసరికి, పొడిగా ఉన్నప్పుడు కనపడని గీతలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ముందు మడిచిన మోకాలు. తర్వాత ఎత్తిన చెయ్యి, అందులో కత్తి. రొమ్ములో, తొడలో దిగిన రెండు బాణాలు. కాళ్ళ దగ్గర ఒక ఆవు తల. ముసలామె కొంగుతో దాని ముఖం తుడిచింది. ఎండకు రాయి పైనుంచి ఆరుతూ వచ్చింది. ముందు కత్తి పోయింది, తర్వాత చెయ్యి. ఆవు తల దగ్గర తడి చాలాసేపు నిలిచింది.

"ఇంకో చెంబు తెచ్చేదా?" అని అడిగింది ఆమె.