ఈస్ట్ కణం, ఎండ దెబ్బ, ఒక అరుదైన వ్యాధి



రొట్టె పిండిని పొంగించే, కల్లును పులియబెట్టే ఈస్ట్‌ను మీరెరుగుదురు. సుమారు 6,000 జన్యువులున్న ఈ ఏకకణ జీవి మానవ వ్యాధులను గురించి ఎంత చెప్పగలదో తెలిసినకొద్దీ, వైద్యునిగా నాకు దానిపై గౌరవం పెరుగుతూ వచ్చింది.

కణకేంద్రకంలోని డీఎన్‌ఏ భద్రంగా దాచిన తాళపత్ర గ్రంథం వంటిది. కణం ఆ గ్రంథాన్ని బయటికి తీయదు. కావలసిన పత్రానికి మాత్రం నకలు వ్రాయించుకొంటుంది. నకలు పేరు ఆర్‌ఎన్‌ఏ, వ్రాసే లేఖకుడు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, ఆ ప్రక్రియ అనులేఖనం. ఈస్ట్‌లో ఈ లేఖకుని రూపాన్ని, పనితీరును వెల్లడించిన రోజర్ కోర్న్‌బర్గ్‌కు 2006లో నోబెల్ బహుమతి లభించింది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు డీఎన్‌ఏలో ప్రక్కప్రక్కనున్న రెండక్షరాలు అతుక్కుపోతాయి. లేఖకుడు అక్కడ ఆగిపోతాడు. ఆ ఆగడమే కణానికి అపాయ సూచన. ర్యాడ్26 అనే ప్రోటీను అక్కడికి చేరి మరమ్మతుకు దారి కల్పిస్తుంది. చెడిన ముక్కను కత్తిరించి, ఎదుటి పోగును చూచి ఆ ఖాళీని పూరించే పని ఇతర ఎంజైములది. లేఖకుడు ఎంతకూ కదలకపోతే కణం అతనినే విచ్ఛిన్నం చేసి త్రోవ తెరుస్తుంది. మరోవైపు, డీఎన్‌ఏకు ముడిసరుకు సమకూర్చే జన్యువుల అనులేఖనాన్ని హెచ్చిస్తుంది.

ర్యాడ్26 లోపించినా ఈస్ట్ పెద్దగా చలించదు; దానికి వేరే మరమ్మతు మార్గాలున్నాయి. మనలో దానికి సాటియైన సీఎస్‌బీ లోపిస్తే మాత్రం, 1936లో ఎడ్వర్డ్ కాకేన్ వర్ణించిన కాకేన్ సిండ్రోమ్ కలుగుతుంది. బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. కొద్దిపాటి ఎండకే చర్మం కందుతుంది. చూపు, వినికిడి క్షీణిస్తాయి. పసి ముఖంలో వార్ధక్యం తొంగిచూస్తుంది. తల్లిదండ్రులిరువురి నుండి లోపమున్న జన్యువు అందినప్పుడే ఇది వస్తుంది. కనుక మేనరికాలు అలవాటుగా ఉన్న మన కుటుంబాలు దీనిని తెలిసికొని ఉండాలి.

ఈ వ్యాధిని నిర్మూలించే మందు నేటికీ లేదు. అయినా రోగనిర్ధారణ వ్యర్థం కాదు. విరేచనాలకు, చిగుళ్ల వ్యాధికి మనం విరివిగా వాడే మెట్రోనిడజోల్ ఈ బిడ్డలలో కాలేయాన్ని ప్రాణాంతకంగా దెబ్బతీయగలదు. ఈ వ్యాధి ఉన్నదని తెలిస్తే ఆ ప్రమాదాన్ని పూర్తిగా తప్పించవచ్చు.

మీ ఇంట ఎదగని బిడ్డ ఎండకు తాళలేకపోతే, “మేని తత్త్వం” అని సరిపెట్టుకోకండి. పిల్లల వైద్యునికి ఆ రెండు సంగతులనూ కలిపి చెప్పండి. జన్యు పరీక్ష అవసరమా అని అడగండి. అంతవరకు దుకాణంలో అడిగి తెచ్చిన విరేచనాల మాత్ర ఆ బిడ్డకు వేయకండి.